మా తోడల్లుడి ఒక్క నిమిషం

మా తోడల్లుడికి ఎక్కడ కంప్యూటరు కనబడినా, అది ఎవరిదైనా సరే, చెయ్యి తనంతట తానే చొక్కా జేబులోకి పోతుంది. ఆ జేబులో, గుండీకాజాకు నల్లదారంతో కట్టిన పెన్‌డ్రైవు ఒకటి ఉంటుంది. దానిని బయటికి తీసి, యజమాని ముఖంలోకి పరమ వినయంగా చూసి, "ఒక్క నిమిషం ఇస్తారా?" అంటాడు. ఇచ్చేదాకా కదలడు. ఇచ్చిన తరువాత అరవైఒకటో సెకను వాడుకోడు. ఈ విషయంలో అతడి నిజాయితీని ఎంతటివారైనా శంకించలేరు.

ఆ నిమిషంలో అతడు తెలుసుకోగోరేది ఒక్కటే. తాను రాసిన చదరంగం ప్రోగ్రాము ఆ మిషనులో సెకనుకు ఎన్ని ఎత్తులు వేసి చూడగలదు? అంకె తెరమీదకు రాగానే దానిని అట్ట ఊడిన నోటుపుస్తకంలో రాసుకొని, యజమానికి ఒకటి, కంప్యూటరుకు ఒకటి చొప్పున రెండు నమస్కారాలు పెట్టి బయటపడతాడు.

వృత్తిరీత్యా అతడు లిఫ్టు మెకానిక్కు. కనుక ఊళ్ళో అంతస్తులున్న ప్రతి భవనంలోనూ అతడికి ప్రవేశం ఉంది. లిఫ్టు బాగుచేయించుకొన్నవాడు ఒక్క నిమిషం ఇవ్వనని ఎట్లా అంటాడు? క్రమంగా అతణ్ణి పేరు పెట్టి పిలిచేవారు కరువై, ఊరంతా 'ఒక్క నిమిషంగారు' అనడం మొదలుపెట్టింది. లిఫ్టు మధ్యలో ఇరుక్కుపోయినవారు ఫోను చేసి, "ఒక్క నిమిషంగారున్నారా?" అని అడిగితే, మా మరదలు "అరగంటలో వస్తారండీ" అని జవాబు చెప్పడం నేను చెవులారా విన్నాను.

ఒకనాడు అతడికి కడుపులో భరించరాని నొప్పి వస్తే నేనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. స్కానింగు గదిలో బల్లమీద పడుకోబెట్టారు.

"నొప్పెక్కడండీ?" అన్నాడు టెక్నీషియను.

"కుడిపక్క. మీ కంప్యూటరు అరవైనాలుగు బిట్లదేనా?"

"ఏమో, తెలీదండీ. ఊపిరి బిగబట్టండి."

"బిగబడతాను. ఒక్క నిమిషం ఇస్తారా?"

"నిమిషం దేనికండీ, పది సెకన్లు బిగబడితే చాలు."

"ఊపిరి సంగతి కాదండీ బాబూ, కంప్యూటరు!"

అపెండిక్సు అని తేలింది. ఆపరేషను గదిలోకి తోసుకుపోతున్నప్పుడు అతడి ముఖంలో వర్ణించరానంత ప్రశాంతత వెల్లివిరిసింది. ఎంత ధైర్యవంతుడో అని నర్సులు మెచ్చుకొన్నారు. దుప్పటి కింద, బిగించిన పిడికిట్లోంచి నల్లదారం కొస వేలాడుతుండడం నేనొక్కణ్ణే చూశాను.

ఇది నడివయస్సులో పట్టుకొన్న అలవాటు కాదు. ఇరవైనాలుగేళ్ళ క్రితం అతడి పెళ్ళి రిజిస్ట్రారు కార్యాలయంలో జరిగింది. సాక్షిగా నేను సంతకం చేశాను. పెళ్ళికూతురు చేసింది. కలం పెళ్ళికొడుకు చేతికి వచ్చింది. అతడు కాగితం మీదికి వంగి, అంతలో రిజిస్ట్రారు భుజం మీదుగా దేనినో చూసి ఆగిపోయి, "ఒక్క నిమిషం ఇస్తారా?" అన్నాడు.

మా మరదలి ముఖం పాలిపోయింది. మా అత్తగారు కుర్చీలోంచి లేచారు.

"ఏం బాబూ, మనసు మారిందా?"

"అయ్యో, లేదత్తయ్యా! ఆ కంప్యూటరు..." అంటూ అతడు జేబులోంచి ఫ్లాపీ తీశాడు. పెన్‌డ్రైవులు ఇంకా మా ఊరి ముఖం చూడని రోజులవి.

ఆ నిమిషంలో మా మరదలు ఎన్ని ఎత్తులు ముందుకు ఆలోచించిందో ఏ మిషనూ లెక్కపెట్టలేదు. అంకె వచ్చింది. సంతకం పడింది. అందరూ తేలికగా ఊపిరి తీసుకొన్న తరువాత మా అత్తగారొక్కరే నింపాదిగా అడిగారు.

"ఇంతకీ ఎంతొచ్చింది బాబూ?"

"సెకనుకి ఇరవైఆరువేల నాలుగువందల పన్నెండు అత్తయ్యా!"

"ఊఁ," అన్నారావిడ, కొత్త ఫోను నంబరేదో చెవిన వేసుకొంటున్నట్టు. ఆ 'ఊఁ' అనే పద్ధతి ఆవిడకు ఉద్యోగంలో అబ్బింది. టెలిఫోను ఎక్స్ఛేంజీలో ముప్ఫైమూడేళ్ళు ఆపరేటరుగా పనిచేశారు. ఎనిమిదివందల నంబర్లు నాలుక చివర ఉండేవి. డైరెక్టరీ తెరిచి చూసుకొనే ఆపరేటర్లను గురించి ఆవిడ మాట్లాడే తీరు, చూచిరాత పరీక్షల గురించి మాస్టర్లు మాట్లాడే తీరులో ఉండేది.

ఒక ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు నేను మా తోడల్లుణ్ణి నిలదీశాను. "కొత్త మిషను వేగం, పాత మిషను నిదానం. ఇందులో ఇల్లిల్లూ తిరిగి చూడవలసినదేముందయ్యా?"

అతడు కాఫీ కప్పు కింద పెట్టాడు. మా ఆవిడ వంటింట్లోంచి "అడిగారూ! ఇక భోజనానికి తొందర లేదు" అంది.

"అక్కడే పొరబడ్డారన్నయ్యా," అన్నాడతడు. "మిషనుకి చదరంగం బల్ల ఎట్లా చెప్తామన్నదాన్ని బట్టుంటుంది. ఒకటి డబ్బాల పద్ధతి. అరవైనాలుగు గళ్ళు, గడికో డబ్బా. ఏ పావు ఎక్కడుందో ఒక్కో మూతా తీసి చూసుకుంటుంది. గుర్రం బల్ల దాటి దూకకుండా చుట్టూ కంచె కూడా వేస్తాం."

"రెండోది?"

"దీపాల పద్ధతి. అరవైనాలుగు దీపాలు ఒకటే వరస. బంట్లు ఏ గళ్ళలో ఉన్నాయో ఆ దీపాలు వెలుగుతాయి. గుర్రాలకి ఇంకో వరస, ఏనుగులకి ఇంకోటి. వరస మీద వరస పెట్టి చూస్తే ఎవరు ఎవర్ని కొడతారో ఒక్క దెబ్బకి తెలిసిపోతుంది. మూతలు తీసే పనే లేదు!"

"బాగుంది. అన్నింట్లోనూ దీపాలే పెట్టు."

"పాత మిషను ముప్ఫైరెండు బిట్లది, అంటే ముప్ఫైరెండుమంది పట్టే లిఫ్టు అన్నయ్యా! అరవైనాలుగుమందిని ఎక్కించాలంటే రెండు ట్రిప్పులు. పైకి ఎవరు పోయారు, కింద ఎవరు మిగిలారు, అదో గోల. దానికి డబ్బాలే హాయి. కొత్తదేమో అందర్నీ ఒకేసారి ఎక్కించుకుపోతుంది, దానికి దీపాలు. కొన్ని మిషన్లు వెలిగిన దీపాలెన్నో ఒక్క చూపులో చెప్పేస్తాయి. కొన్ని పాపం వేలు పెట్టి ఒకటి, రెండు అనుకుంటూ లెక్కపెట్టుకుంటాయి. చూడందే ఎట్లా తెలుస్తుంది?"

ఆ పూట నుంచి అతడు మనుషులను సైతం ఇదే లెక్కన విభజించడం ప్రారంభించాడు. "వదిన అరవైనాలుగు. ఫోను మాట్లాడుతూ, కూర కలుపుతూ, మీరేం తప్పు చేస్తున్నారో కూడా చూస్తుంది. మీరు ముప్ఫైరెండు అన్నయ్యా. ఏమనుకోకండి. ఆలస్యమైనా అందరినీ చేరుస్తారు." నేను నొచ్చుకొన్నాను. మా ఆవిడ నొచ్చుకోలేదు. బజారు నుంచి ఉల్లిపాయలు తెచ్చి బంగాళాదుంపలు మరిచిపోయిన ప్రతిసారీ, "పర్లేదు, రెండో ట్రిప్పు వెయ్యండి" అంటుంది.

ఈ కారణంచేత అతడు తన ప్రోగ్రామును రెండు విధాలుగానూ రాసిపెట్టుకొన్నాడు. ఒక మెరుగు దిద్దితే, అదే మెరుగు రెండోదానిలోనూ మొదటి నుంచీ దిద్దాలి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒకే పని రెండుసార్లు. "పాత మిషన్లు ఇంకా ఎవరి దగ్గరున్నాయయ్యా? ఆ డబ్బాలు అవతల పారెయ్యరాదూ?" అని నేను అన్నప్పుడల్లా, "పోల్చుకోడానికి ఉండాలి కదన్నయ్యా" అని నోటుపుస్తకం గభాలున మూసేసేవాడు.

ఉద్యోగ విరమణ తరువాత మా అత్తగారు తన రెండు గదుల ఇంట్లో ఒంటరిగా, దర్జాగా ఉండేవారు. లిఫ్టు కంపెనీవారు వదిలించుకొన్న పాత కంప్యూటరులో మా తోడల్లుడు డబ్బాల పద్ధతి ఎక్కించి ఆవిడకిచ్చాడు. ఆ ప్రోగ్రాము ఎత్తుకు పది సెకన్లు ఆలోచిస్తుంది. సాయంకాలం నాలుగింటికి కాఫీ కలుపుకొని ఆవిడ ఆటకు కూర్చొనేవారు. మూడింట ఒకటి గెలిచేవారు. (నేను ఈ మధ్యనే ఆట మొదలుపెట్టాను. నా కొత్త కంప్యూటరులో రెండింట ఒకటి గెలుస్తున్నాను. ఇది ఆత్మస్తుతి కాదు, వివరం మాత్రమే.) ఆ ప్రోగ్రాముకు ఆవిడ పెట్టిన పేరు 'మూడో అల్లుడు'.

"వాడు అలగడు, ఎదురు చెప్పడు," అనేవారు మా ఇద్దరి ఎదుటే. "ఏ పనీ పది సెకన్లు ఆలోచించకుండా చెయ్యడు. మీలో ఒక్కరికైనా ఆ అలవాటుందా?"

ఆవిడ డెబ్భైరెండో పుట్టినరోజుకు మేమిద్దరమూ కలిసి కొత్త కంప్యూటరు తెచ్చాం. పాతది అటకెక్కింది. మా తోడల్లుడు కొత్తదానిలో దీపాల పద్ధతి ఎక్కించి, ఒక్క నిమిషం చూసి, కుర్చీలోంచి ఎగిరి నిలబడ్డాడు.

"ముప్ఫైఏడు లక్షల డెబ్భైరెండు వేలు! పాతది తొంభైరెండు వేలు! నలభైఒక్క రెట్లు అత్తయ్యా, నలభైఒక్క రెట్లు!"

"సంతోషం బాబూ. దుమ్ము కూడా అంత తక్కువ పడుతుందా?" అన్నారావిడ.

రెండు నెలలు గడిచాయి. మొదట కనిపెట్టింది మా ఆవిడ. పుట్టింట్లో చక్కెర డబ్బామీద 'చక్కెర' అనీ, ఉప్పు డబ్బామీద 'ఉప్పు' అనీ చీటీలు వెలిశాయి. వీధి తలుపు లోపలివైపు 'పొయ్యి ఆర్పావా?' అని మరొక చీటీ. కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. ఒకనాడు మేము వెళ్ళేసరికి అత్తగారు ఇంటి తాళాలగుత్తి తెచ్చి మా ఆవిడ ఒళ్ళో పెట్టారు.

"ఒకటో తారీఖున వృద్ధాశ్రమానికి పోతున్నానే. గది చూసుకొచ్చాను. కిటికీ పెద్దదే."

"ఏమైందమ్మా నీకు?"

"బుర్ర పోతోంది. మీకు చెప్పలేదు. వరసగా అరవైఒక్క ఆటలు ఓడాను. ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. ఇవాళ ఆట మర్చిపోయాను, రేపు పొయ్యి మర్చిపోతాను, ఎల్లుండి మిమ్మల్ని మర్చిపోతాను. ఆ రోజుకి నేను మీ కళ్ళముందు ఉండకూడదు."

అరవైఒకటి అని అంకె తప్పకుండా చెప్పిన మనిషికి జ్ఞాపకశక్తి ఏమి పోయిందని అడగాలని ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టకపోవడంలో వింత లేదు. అరవైనాలుగు తరహా అయిన మా ఆవిడకు సైతం కళ్ళు నీళ్ళతో నిండిపోయి తట్టలేదు.

ఒకటో తారీఖుకు ఇంకా తొమ్మిది రోజులుంది. నేను మా తోడల్లుణ్ణి వెతుక్కుంటూ గ్రంథాలయ భవనానికి పోయాను. మనిషి మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ నడుమ లిఫ్టు గోతిలో ఉన్నాడు. గొంతు మాత్రం వినిపించింది.

"ఒక్క నిమిషం అన్నయ్యా, చేతులు గ్రీజు!"

నేను ఆగలేక, ఆ చీకటి గోతిలోకి వంగి జరిగినదంతా చెప్పేశాను. పానా చప్పుడు ఆగిపోయింది.

"ఎన్ని ఓడిందన్నారు?"

"అరవైఒకటి."

"ఎప్పట్నుంచి?"

"పుట్టినరోజు మర్నాటి నుంచి."

పానా జారి, అంతస్తంతస్తుకూ ఒక మోత చొప్పున మోగుతూ అడుక్కు పోయింది.

"అత్తయ్య బుర్ర నిక్షేపంగా ఉందన్నయ్యా. పోయింది నాది! పది సెకన్లు ఆలోచించమని రాశాను. పాతది ఆ పది సెకన్లలో చూసినదానికి నలభైఒక్క రెట్లు కొత్తది చూస్తుంది. అంకె చూసి గంతులేశానే గానీ, ఎదురుగా కూర్చున్న మనిషికి ఏమవుతుందో చూశానా?"

చేతులు తుడుచుకోకుండానే నాతో వచ్చాడు. అంతా వివరించాడు. అత్తగారు ఓపికగా విని, తల అడ్డంగా ఊపారు.

"నన్ను ఓదార్చకు బాబూ. ముప్ఫైమూడేళ్ళు వైర్లలో గొంతులు విన్నాను. ఎవరు జాలిపడి మాట్లాడుతున్నారో నాకు తెలుస్తుంది."

అతడు నిచ్చెన వేసి, అటకమీది పాత కంప్యూటరును దించి, కొత్తదాని పక్కనే పెట్టి, రెంటికీ పోటీ పెట్టాడు. ప్రోగ్రాము ఒకటే, సెకన్లు పదే. పాత మిషను వేసిన ఎత్తును కొత్తదానికి, కొత్తది వేసినదాన్ని పాతదానికి అందజేసే ఉద్యోగం నాకు పడింది.

"రెండు ట్రిప్పులు," అంది మా ఆవిడ కళ్ళు తుడుచుకొంటూ. ఆ మాట విని మేమందరమూ కొంత ధైర్యం తెచ్చుకొన్నాం.

అత్తగారు మొదట కిటికీవైపు తిరిగి కూర్చొన్నారు. పదో ఎత్తుకు మెడ తిప్పారు. పదిహేనో ఎత్తుకు కుర్చీ దగ్గరికి లాక్కొన్నారు.

"అయ్యో, ఆ ఏనుగుని అక్కడ పెడతాడేం! నేనూ సోమవారం అచ్చం అక్కడే పెట్టి పోగొట్టుకున్నాను."

పాతది ఓడింది. రెండో ఆటా ఓడింది. మూడోది, నాలుగోది కూడా. అయిదో ఆటలో పాత మిషను రాజు మూలకు చేరి ఆటకట్టు అయినప్పుడు ఆవిడ "పాపం" అన్నారు.

"అత్తయ్యా, వీడికి కూడా బుర్ర పోయిందంటారా?" అన్నాడు మా తోడల్లుడు మెల్లగా.

"వాడికెందుకు పోతుంది? వాడు ఎప్పట్లాగే ఆడుతున్నాడు. ఆ ఎదుటివాడే..." అని ఆవిడ ఆగిపోయారు. తెరల వంక ఒకసారి, మా వంక ఒకసారి చూశారు. "ఎదుటివాడు మారిపోయాడు! అంటే ఈ రెండు నెలలూ నేను ఆడింది మూడో అల్లుడితో కాదా?"

"అల్లుడు వాడే అత్తయ్యా. నలభైఒక్క రెట్లు చదువుకొచ్చాడు. చెప్పకుండా తెచ్చి కూర్చోబెట్టింది నేను."

ఆవిడ ముఖంలో ఇంకా ఎక్కడో కొంచెం సందేహం మిగిలి ఉంది. అతడు దానిని సైతం కనిపెట్టాడు.

"ఒక్క నిమిషం అత్తయ్యా. నా పెళ్ళిరోజు రిజిస్ట్రారుగారి కంప్యూటర్లో ఎంతొచ్చింది?"

"ఇరవైఆరువేల నాలుగువందల పన్నెండు," అన్నారావిడ తక్షణమే. "ఏం, మర్చిపోయావా?" అని, మా ఆవిడ వైపు చెయ్యి చాపారు. "ఆ తాళాలు ఇట్లా తే."

ఆ సాయంకాలమే అతడు కొత్త మిషనును దారికి తెచ్చాడు. పాతది పది సెకన్లలో చూడగలిగిన తొమ్మిది లక్షల ఇరవైవేల ఎత్తులు చూడగానే ఇది ఆగిపోవాలి. ఆ పని దీనికి పావు సెకనులో అయిపోతుంది.

"అంటే వెంటనే ఆడేస్తాడా? వద్దు, పది సెకన్లూ ఉంచు. కాఫీ అప్పుడే కదా తాగుతాను," అన్నారు అత్తగారు.

కనుక ఇప్పుడా మిషను పావు సెకను పని చేసి, తొమ్మిదిముప్పావు సెకన్లు ఖాళీగా కూర్చొంటుంది. సెకనుకు వెయ్యి ఎత్తులు పెంచడానికి నెలల తరబడి ఆదివారాలు ధారపోసిన మనిషి, తన చేతులతో తానే మిషనుకు 'ఊరికే కూర్చో' అని రాసిపెట్టాడు. రాస్తున్నప్పుడు అతడి ముఖం చూడలేక నేను వరండాలోకి వెళ్ళిపోయాను.

"ఇటువంటి ఉద్యోగం మా రోజుల్లో ఎక్కడుంది!" అన్నారు అత్తగారు. "చూడు బాబూ, నేను మరీ ఎక్కువ గెలుస్తుంటే కాస్త పెంచు. కానీ నాకు చెప్పి పెంచు."

మర్నాటి నుంచి మా తోడల్లుడు ఊరంతా తిరగడం మొదలుపెట్టాడు. అప్పుడు గదా నాకు అసలు సంగతి తెలిసింది! నిమిషం అడిగి, అంకె రాసుకొని పోతాడని మేమనుకొన్న ప్రతిచోటా, అక్కడివారు ఆడుకొంటామంటే ప్రోగ్రామును కూడా వదిలిపెట్టి వచ్చేవాడట. స్కానింగు టెక్నీషియను, గ్రంథాలయం కాపలా మనిషి, హోటలు కౌంటరు గుమాస్తా, ఇట్లా ముప్ఫైనలుగురు. వారిలో పదకొండుగురివి కాలం చెల్లిన పాత మిషన్లు. 'పోల్చుకోడానికి' అని అతడు ఇన్నేళ్ళూ డబ్బాల పద్ధతిని రెండోసారి దిద్దుకొంటూ కూర్చొన్నది ఆ పదకొండుగురి కోసం. ఇప్పుడు ఒక్క నిమిషం అడిగిన తరువాత అతడు ఇంకొక ప్రశ్న కూడా వేస్తాడు. "ఈమధ్య గెలుస్తున్నారా అండీ?"

మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చి, నోటుపుస్తకం బల్లమీద పెట్టి చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. ఇతరుల పుస్తకాలు తెరవడం సభ్యత కాదని ఎరిగీ తెరిచాను. అంకెల పక్కన చిన్న అక్షరాలతో మాటలున్నాయి.

'స్కానింగు టెక్నీషియను: మూడింట ఒకటి.'

'గ్రంథాలయం కాపలా: ఓడితే రెండు రోజులు ఆడదు, జాగ్రత్త.'

'అత్తయ్య: సెకనుకి లక్షా నలభైవేలు. ఇంకా పెంచమంటోంది. నాకే భయంగా ఉంది.'

దాని కింద మరొక పంక్తి.

'అన్నయ్య: సెకనుకి నలభై.'

నలభై వేలేమోనని కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చూశాను. వేలు లేవు. నలభై. పక్కన, ఇంకా చిన్న అక్షరాలతో, 'ముప్ఫైఐదైతే సరిపోయేది, కానీ అనుమానం వస్తుందేమో' అని ఉంది.

పుస్తకాన్ని ఉన్నచోట ఉన్నట్టే పెట్టి, దినపత్రిక ముఖానికి అడ్డం పట్టుకొన్నాను. అతడు చేతులు తుడుచుకొంటూ వచ్చాడు.

"ఏమన్నయ్యా, నిన్న మళ్ళీ గెలిచారటగా! వదిన చెప్పింది."

"గెలిచాను తమ్ముడూ. ఇరవైరెండు ఎత్తుల్లో."

"ఇరవైరెండా!" అతడి కళ్ళు ఎంత సహజంగా పెద్దవయ్యాయంటే, పుస్తకం చూడకపోయి ఉంటే నేను ఆ వారమంతా తల ఎగరేసుకొనే తిరిగేవాణ్ణి. "అమ్మో, దాని మీద ఇరవైరెండే! ఏదీ, నా ఎదుట ఒకాట వెయ్యండి, చూస్తాను."

నేను పత్రిక మడిచి లేచాను.

"ఒక్క నిమిషం ఇస్తావా తమ్ముడూ?" అన్నాను. "కంప్యూటరు తెరుస్తాను."